212వ పేజీలో చనిపోయిన బస్సు డ్రైవరు

డెస్మండ్ పైకెట్ నాటింగ్‌హామ్‌లో ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపాడు. ఎక్కినవాళ్ళని ఆ ఊరి అలవాటు చొప్పున "రా బాతూ" అనేవాడు. దిగేవాళ్ళకి "జాగ్రత్త బాతూ" అని చెప్పేవాడు. బడిపిల్లయినా, పండు ముసలయినా, ఒకసారి దారి తప్పి ఎక్కిన బిషప్పు గారయినా సరే, అతని నోట బాతే. మనిషి మెత్తన. హారను కూడా మొహమాటంగా కొట్టేవాడు. అతను ఎవరితోనైనా గొడవపడ్డాడంటే డిపోలో ఒక్కరూ నమ్మేవారు కాదు. డిపోవాళ్ళు గురువారం సాయంత్రాలు బీస్టన్ చర్చి హాలుకి వచ్చేవారు కాదు మరి.

గురువారం ఆ హాల్లో నాలుగు బల్లలు కలిపి ఆకుపచ్చ గుడ్డ పరిచేవారు. దానిమీద అట్టముక్కలతో చేసిన కొండలు, కూలిన కోటలు, బొటనవేలంత సైనికులు. పాచికలు దొర్లించి, టేపుతో దూరాలు కొలుచుకుని, ఒకరి సైన్యాన్ని ఒకరు చంపుకునేవారు. ఆ ఆట పేరు 'బూడిద గ్రహాలు'. అందులో మనుషులు పదకొండు గ్రహాలమీద మూడు వందల ఏళ్ళుగా కొట్టుకుంటూ ఉంటారు. ఎందుకు మొదలుపెట్టారో వాళ్ళకే గుర్తులేదు. ఆట తయారుచేసే కంపెనీయే ఆ యుద్ధాలమీద నవలలు కూడా వేసేది. అప్పటికి ముప్ఫై వచ్చాయి. క్లబ్బులో సగంమంది ఆటకోసం వచ్చేవారు. మిగతా సగం ఆటలో తొందరగా ఓడిపోయి, నవలలమీద వాదించుకోవడానికి కూర్చునేవారు. డెస్మండ్ ఈ రెండో రకం. టీ కాగేలోపే అతని సైన్యం ఆఖరి మనిషిదాకా పోయేది. అందుకు అతనికి ఏ బాధా లేదు.

నవలల విషయంలో మాత్రం అతను పరమ కఠినుడు. ప్రతి పుస్తకానికీ పదికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. ఆరు దాటి ఎప్పుడూ వెయ్యలేదు. ఆ ఆరు కూడా రెండింటికే, అయిదోదానికీ తొమ్మిదోదానికీ. మిగతావన్నీ రెండుకీ నాలుగుకీ మధ్య నలిగిపోయేవి.

అతనికి ఎదురు నిలబడేది గావిన్ టర్టన్. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిపెట్టే పని అతనిది. చేతి పనితనం ఎంతటిదంటే, గోరంత సైనికుడి ముఖానికి కనురెప్పల వెంట్రుకలు కూడా దిద్దేవాడు. గావిన్ ప్రతి నవలకీ పదికి పది ఇచ్చేవాడు. చదవకముందే ఇచ్చేవాడని డెస్మండ్ ఆరోపణ.

"పద్నాలుగో పుస్తకం మూడో అధ్యాయంలో ఆ గ్రహానికి రెండు చందమామలు," అని మొదలుపెట్టేవాడు డెస్మండ్. "ఇరవయ్యో అధ్యాయానికొచ్చేసరికి మూడు. మూడోది ఎక్కణ్ణుంచొచ్చింది గావిన్? మధ్యలో రెండోదానికి పురుడేమన్నా వచ్చిందా?"

"మబ్బుల చాటున ఉండుంటుంది డెస్."

"పదిహేడు అధ్యాయాలపాటా?"

"నువ్వు బీస్టన్‌లో ఎండ చూసి ఎన్నాళ్ళయింది చెప్పు?"

ఆ దెబ్బకి హాలంతా నవ్వేది. డెస్మండ్ ఎర్రబడిపోయి ఇరవై రెండో పుస్తకానికి దూకేవాడు. అందులో సేనాపతికి గుండెలో గుండు దూరుతుంది, ముప్ఫై పేజీల తర్వాత అతనే మెట్లెక్కి వచ్చి ఉపన్యాసమిస్తాడు. అతనికి రెండు గుండెలని అనుబంధంలో ఉందని గావిన్, అనుబంధం చదివి బతికినవాడు లోకంలో లేడని డెస్మండ్. గొంతులు మరీ లేస్తే కార్యదర్శి ఇమోజెన్ స్ట్రా చెంచాతో టీకప్పు మోగించేది. ఆమె పశువుల ఆసుపత్రిలో నర్సు. కరిచేవాటిని విడదియ్యడం ఆమెకి రోజూ ఉన్న పనే.

అయితే చందమామలూ గుండెలూ డెస్మండ్‌కి చిన్న విషయాలు. అతని అసలు ఫిర్యాదు వేరే. ముప్ఫై నవలల్లో ఎవడూ అన్నం ముట్టడు. మూడు వందల ఏళ్ళ యుద్ధంలో ఒక్క సైనికుడు పొద్దున్నే ఇంత రొట్టె తిన్న పాపాన పోలేదు.

ఈ ఫిర్యాదు నిజానికి అతనిది కాదు, అతని భార్య బెరిల్‌ది. బెరిల్ ఒక బడి వంటశాలలో పెద్ద వంటమనిషి. రోజూ నాలుగు వందలమంది పిల్లలకి మధ్యాహ్న భోజనం వండి వడ్డించేది. ఆ నవలలు ఆమె ఏనాడూ తెరవలేదు. "అట్టలమీద ఒక్కడూ నోరు మూసుకుని లేడు. అందరూ పళ్ళు కొరుకుతూనే ఉన్నారు, దవడలు నొప్పెట్టవూ?" అనేది. ఒక ఆదివారం ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే డెస్మండ్ ఒక కోట ముట్టడి కథ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. తొమ్మిది నెలల ముట్టడి. అంతా విని బెరిల్ అడిగింది:

"ఇంతకీ తొమ్మిది నెలలూ వాళ్ళు ఏం తిన్నారు?"

డెస్మండ్ లేచి వెళ్ళి, అప్పటికి వచ్చిన పుస్తకాలన్నీ వారంపాటు వెతికాడు. ఒక్కచోట ఒకడు ద్రాక్షసారా తాగుతాడు. వాడు రాజు. అంతే.

ఆ వారమే అతను రచయితకి మొదటి ఉత్తరం రాశాడు. నవలల్లో చాలా మటుకు రాసింది హంఫ్రీ క్విల్టర్ అనే ఆయన. నార్‌ఫోక్ వైపు ఎక్కడో ఉండేవాడు. డెస్మండ్ ప్రతి కొత్త పుస్తకానికీ ఒకటి, పాత పుస్తకం మళ్ళీ చదివినప్పుడు ఇంకొకటి, పదహారేళ్ళపాటు ఉత్తరాలు రాశాడు. ఒక్కోటీ నాలుగు పేజీలు, టైపు చేసి. జవాబు ఒక్కసారే వచ్చింది. 'మీ అభిమానానికి కృతజ్ఞతలు' అని అచ్చేసిన కార్డు. "అభిమానమట!" అంటూ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

నవంబరులో ముసురు పట్టిన ఒక మంగళవారం, గావిన్ ఆసుపత్రి స్టాపులో బస్సెక్కాడు. ఎక్కినవాడు వెళ్ళి కూర్చోకుండా డ్రైవరు పక్కనే నిలబడ్డాడు. చంకలో ముప్ఫై ఒకటో నవల. ఆ పొద్దునే విడుదలైంది.

"డెస్, నువ్వు చచ్చిపోయావు."

"టికెట్ తీసుకో బాతూ."

"నిజంగా చెప్తున్నా. రెండొందల పన్నెండో పేజీ. సార్జెంట్ డెస్మండ్ పైకెట్. ఒక్క అక్షరం పొల్లుపోకుండా నీ పేరే."

ముందు సీట్లో చక్రాల సంచీ పట్టుకుని కూర్చున్న ముసలావిడ మిసెస్ హాలమ్ ముందుకి వంగింది. రోజూ అదే సీటు ఆవిడది.

"ఎవరు పోయారు నాయనా?"

"ఇదుగో, ఈయనే."

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"ఇంకో మూడువేల ఏళ్ళకి."

"అయితే ఇంకా టైముందిలే," అని ఆవిడ వెనక్కి వాలింది. మళ్ళీ ఏదో తోచి, "ఎలా పోతాడో?" అంది.

"జావ గిన్నె మోస్తూ," అన్నాడు గావిన్. అతని గొంతులో ఆనందం దాగడంలేదు. "సేనాపతివి కాదు డెస్, గూఢచారివి కాదు. వంటవాడివి! ఆ మోకాళ్ళ నొప్పి, ఆ సణుగుడు, అన్నీ దింపేశాడు. పదహారేళ్ళు గిల్లావుగా, గిల్లినవాడికి గిల్లినంత!"

డెస్మండ్ రోడ్డుమీదే చూపు పెట్టాడు. ఎర్రలైటు దగ్గర ఆగాడు, పచ్చలైటుకి కదిలాడు. కాని తర్వాతి స్టాపులో ఆపడం మరిచిపోయి దాటేశాడు. ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. వెనకనుంచి ఎవరో "ఓ బాతూ! నా స్టాపు!" అని కేక పెట్టేదాకా అతనికి తెలియలేదు.

గురువారం క్లబ్బుకి వెళ్ళేసరికి బల్ల మధ్యలో కొత్త సైనికుడు నిలబడి ఉన్నాడు. గోరంత ఏప్రాను, చేతిలో గరిటె, పక్కన కందిగింజంత గిన్నె. ముఖాన కనురెప్పలు. రెండు రాత్రులు కూర్చుని చేశానని గావిన్ గర్వంగా చెప్పాడు. అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించారు. వెనక వరసలో ఎవరో ముక్కులోంచి నవ్వారు. దాంతో ఆ మౌనం నలభై సెకన్లకే పగిలిపోయింది.

"డెస్, ఇప్పుడు మార్కులు నువ్వే వెయ్యాలి," అంది ఇమోజెన్. "రూలు అందరికీ ఒకటే. పుస్తకం చదివి, వచ్చే గురువారం కాక పై గురువారం చెప్పు."

"నేను చదవను."

"ముప్ఫై చదివినవాడివి ఇదెందుకు చదవవు?"

"ఆయన నన్ను తిట్టాలనుకుంటే ఉత్తరం రాయొచ్చు. స్టాంపు అంత ఖరీదేం కాదు," అని డెస్మండ్ కోటు తీసుకుని బయటికి నడిచాడు. వీధిలో ఒక బెంచీమీద కాసేపు తడుస్తూ కూర్చున్నాడు. నవ్వినందుకు కాదు అతని బాధ. నవ్వులాటలో అతనూ తక్కువ తినలేదు. పదహారేళ్ళు తాను రాసిందంతా ఒకాయనకి ఈగ ముసిరినట్టు ఉందా, విసనకర్రతో ఒక్క దెబ్బ వేశాడా అన్నదే లోపల తొలుస్తోంది. ఇంటికి వెళ్ళి బెరిల్‌కి ఏమీ చెప్పలేదు.

చెప్పవలసిన అవసరం కూడా లేకపోయింది. శనివారం బెరిల్ మాంసం కొట్టుకి వెళ్తే, కొట్టాయన టోపీ తీసి, చాలా విచారంగా ముఖం పెట్టి, రెండు సాసేజీలు ఎక్కువ వేశాడు. మిసెస్ హాలమ్ చక్రాల సంచీతోపాటు ఆ వార్తని బీస్టన్ అంతా తిప్పింది. తిరిగేకొద్దీ అందులో మూడువేల ఏళ్ళు ఎక్కడో జారిపోయాయి.

బెరిల్ ఇంటికొచ్చి సంచీ బల్లమీద పడేసింది.

"నువ్వు పోయావని మాంసం కొట్లో చెప్పారు. ఇంట్లో ఉన్నదాన్ని, నాకు చెప్పక్కర్లేదా?"

డెస్మండ్ అప్పుడు కథంతా చెప్పాడు. బెరిల్ విని, ఓదార్చలేదు. మళ్ళీ కోటు తొడుక్కుని, గ్రంథాలయానికి వెళ్ళి, ఆ నవల తెచ్చుకుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, తిన్నగా రెండొందల పన్నెండో పేజీ తీసి, పైకెట్ పేరు మొదట కనిపించే రెండొందల రెండుదాకా వెనక్కి తిప్పింది. డెస్మండ్ ఆ పక్కనే రొట్టెలు కాల్చే యంత్రాన్ని విప్పి బాగుచేస్తున్నట్టు కూర్చున్నాడు. దానికి ఏ జబ్బూ లేదు.

మొదటి పేజీలో బెరిల్ నవ్వింది. రెండో పేజీలో గట్టిగా నవ్వింది. ఆ తర్వాత నవ్వడం మానేసింది. పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి పుస్తకం మూసి, వేలు మధ్యలోనే ఉంచి, భర్తకేసి చూసింది.

"డెస్, ఇది నువ్వు కాదు."

"పేరు నాదేగా."

"పేరు నీదే. మనిషి మాత్రం నేను."

"ఏంటీ?"

"విను. 'కడుపు ఖాళీగా ఉన్నవాడు ధైర్యంగా ఉండడు బాబూ, ఉన్నట్టు నటిస్తాడు.' ఇది నేనన్న మాట. లెక్కల పరీక్షరోజు పిల్లలు తిననంటే అన్నా. 'ముందు కూర్చోండి, ఏడుపు తర్వాత.' ఇది రోజూ అంటా. ఈ గరిటెతో బల్లమీద రెండుసార్లు కొట్టడం కూడా నాదే. నార్‌ఫోక్‌లో ఉన్నాయనకి నా గరిటె సంగతి ఎలా తెలుసు?"

డెస్మండ్ చెవులు ఎర్రబడ్డాయి. యంత్రం అడుగున రాలిన రొట్టెపొడిని వేలితో పోగు చెయ్యసాగాడు.

"ఉత్తరాల్లో అక్కడక్కడ... మా ఆవిడ ఇలా అంటుంది అని..."

"పదహారేళ్ళు ముక్కూముఖం తెలియనాయనకి నా మాటలు మోశావా?"

"తప్పులు చూపించడానికే బెరిల్. వంట గురించి నాకేం తెలుసు? నువ్వన్నదే రాసేవాణ్ణి. నువ్వు బాగా అంటావు."

పదహారేళ్ళలోనే కాదు, ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను ఆ ముక్క ఆమెతో అనలేదు. బెరిల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని పుస్తకం అతనివైపు తోసింది.

"చదువు. నిలబడి చదివినా సరే, కూర్చుని చదివినా సరే. నేను టీ పెడతా."

అతను నిలబడే చదివాడు. మొత్తం పదకొండు పేజీలు. గావిన్ మాటలు విని అతను ఊహించుకున్నట్టు ఆ సార్జెంటు నవ్వులపాలై చావలేదు. మంచు కురిసే ఒక గ్రహంమీద సైన్యం వెనక్కి తగ్గుతూ ఉంటుంది. ముందు కందకంలో పందొమ్మిదిమంది కుర్రాళ్ళు చిక్కుకుపోతారు. వాళ్ళని పిలవడానికి ఎవడూ వెళ్ళనంటాడు. వంట సార్జెంట్ పైకెట్ మాత్రం, మూడొందలమందికి కాచాక వీళ్ళ వంతు పారబోసేది లేదని సణుగుతూ, మోకాళ్ళని తిట్టుకుంటూ, గిన్నె పట్టుకుని అరమైలు నడుస్తాడు. కందకం అంచుకి చేరాక ఎక్కడినుంచో గుండు వచ్చి తగులుతుంది. అతను కూలిపోడు. ముందు గిన్నెని మంచులో తిన్నగా దించుతాడు, ఒలకకుండా. మూత సరిచేస్తాడు. అప్పుడు పడిపోతాడు. కుర్రాళ్ళు ఆ జావ తిని, ఆ రాత్రే శత్రువుని చీల్చుకుని బయటపడతారు.

బెరిల్ టీ తెచ్చి పక్కన పెట్టింది. "ఏమన్నా అను," అంది.

డెస్మండ్ పేజీలోంచి తల ఎత్తలేదు. "చందమామలు మళ్ళీ మూడే రాశాడు," అన్నాడు. టీ ముట్టకుండా మళ్ళీ మొదటి పేజీకి తిప్పాడు.

తర్వాతి శనివారం హంఫ్రీ క్విల్టర్ నాటింగ్‌హామ్ వచ్చాడు. ఊరి నడిబొడ్డున పుస్తకాల దుకాణంలో కూర్చుని, కొన్నవాళ్ళకి సంతకాలు పెడతాడని ప్రకటించారు. వరస మెట్లు దిగి వీధిలోకి పాకింది. డెస్మండూ బెరిలూ గంటన్నర నిలబడ్డారు. వాళ్ళ వెనకే గావిన్, ముప్ఫై ఒక్క పుస్తకాలూ పెట్టెలో పెట్టుకుని, కాలితో నెట్టుకుంటూ వచ్చాడు. బల్ల వెనక కూర్చున్న రచయిత సన్నగా, పాలిపోయి, జలుబు చేసినట్టు ఉన్నాడు. అన్ని గ్రహాలు తగలబెట్టిన మనిషిలా లేడు.

"ఎవరి పేరున సంతకం పెట్టమంటారు?" అన్నాడు తలెత్తకుండా.

"డెస్మండ్ పైకెట్."

కలం ఆగిపోయింది. రచయిత కుర్చీ చప్పుడు చేస్తూ అంగుళం వెనక్కి జరిగింది.

"ఆ పైకెట్ గారేనా? బీస్టన్?"

"అవునండి."

"కొట్టరు కదా?"

"డెస్మండా? చేప గాలానికి పురుగు గుచ్చమంటేనే కళ్ళు మూసుకుంటాడు," అంది బెరిల్. "మీరు భయపడాల్సింది నాకు. నేను వాళ్ళావిడని."

రచయిత ఆమెవైపు చూసిన చూపులో భయం పోయి ఇంకేదో వచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"'మా ఆవిడ'," అన్నాడు మెల్లగా. "మీరేనా 'మా ఆవిడ'?"

"నేనే. మూడొందలమందికి ఒక్క బస్తా ఓట్సుతో జావ కాయించింది మీరేనా? అది జావ కాదండీ, కడుగునీళ్ళు. ఉప్పు ఊసే లేదు. పైగా ఆ మంచులో అరమైలు నడిస్తే జావ సిమెంటైపోతుంది. ఆ పిల్లలు దాన్ని తినక్కర్లేదు, ఇటికలుగా పేర్చుకుంటే గోడ లేచేది. గిన్నెకి గడ్డి చుట్టి, మీద దుప్పటి కప్పాలి. రాసుకోండి."

రచయిత నిజంగానే రాసుకున్నాడు, ఒక అభిమాని కొన్న పుస్తకం చివరి పేజీలో.

"నాకొకటి చెప్పండి సార్," అన్నాడు డెస్మండ్. వారం రోజులుగా మనసులో నలిగిన ప్రశ్న. "అది నా నోరు మూయించడానికేనా?"

వరసలో వెనకవాళ్ళు సణుగుతున్నారు. క్విల్టర్ ముక్కు తుడుచుకున్నాడు.

"అవునండీ. అబద్ధం దేనికి? మీ కవరు కనపడితే నాకు ఆ రోజు రాయడం సాగేది కాదు. అరపేజీలో చంపేద్దామనుకున్నా. మీరు జావలో మునిగిపోవాలి, సైనికులంతా నవ్వాలి. నాలుగు దెప్పుళ్ళు దొరుకుతాయేమోనని మీ ఉత్తరాలన్నీ బయటికి తీశా. రెండ్రోజులు చదివా. చదువుతుంటే ఈవిడ మాట వినపడింది. ఆ తర్వాత ఆ వంటమనిషి నా చెప్పుచేతల్లో లేదండి. అరపేజీ పదకొండు పేజీలైంది. చంపడానికి చెయ్యి రాలేదు, కాని బతికిస్తే కథ ఒప్పుకోవడంలేదు."

క్విల్టర్ పుస్తకంలో సంతకం పెట్టి తిప్పి ఇచ్చాడు.

"చందమామలు రెండేనండి," అన్నాడు డెస్మండ్ చివరికి, మంచిగానే.

"మళ్ళీనా?" అని క్విల్టర్ తల పట్టుకున్నాడు.

ఆ గురువారం హాలు కిక్కిరిసింది. లెస్టర్ నుంచి, డార్బీ నుంచి కూడా క్లబ్బులవాళ్ళు వచ్చారు. ఆట ఎవరూ ఆడలేదు. డెస్మండ్ లేచి నిలబడ్డాడు, చేతిలో చిన్న కాగితం. వారమంతా బస్సు నడుపుతూ అతను ఆలోచించింది ఒక్కటే. ఆరుకి మించి వేస్తే సొంత డబ్బా అంటారు. తక్కువ వేస్తే అది అబద్ధం. ఇన్నేళ్ళలో అతను మార్కుల దగ్గర అబద్ధం ఆడలేదు.

"మొదటి రెండొందల పేజీలు మామూలే," అన్నాడు. "యుద్ధం ఎందుకో తెలీదు, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలీదు. సేనాపతి ఉపన్యాసం నాలుగు పేజీలు. ఆ టైంలో శత్రువు ఊళ్ళోకొచ్చి టీ తాగి వెళ్ళొచ్చు. చందమామల సంగతి నేను మాట్లాడను. కాని రెండొందల రెండునుంచి రెండొందల పన్నెండుదాకా, ముప్ఫై ఒక్క పుస్తకాల్లో మొదటిసారి, నాకు ఒక మనిషి కనిపించాడు. వాడికి నా పేరుంది కాబట్టి చెప్తున్నా అనుకుంటే అనుకోండి. ఏడు."

ఏడు! ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇమోజెన్ కప్పుని చెంచాతో మోగించి "గావిన్?" అంది. గావిన్ ఏమంటాడో అందరికీ తెలుసు కాబట్టి కొంతమంది అప్పుడే టీకోసం లేచారు.

"మూడు," అన్నాడు గావిన్.

లేచినవాళ్ళు కూర్చున్నారు.

"మూడేంటి గావిన్? నువ్వా?"

"పదకొండు పేజీలు జావ! ఒక్క ఫిరంగి పేలలేదు. ఒక్క ఓడ కూలలేదు. నేను ముప్ఫై పుస్తకాలకీ పదికి పది ఇచ్చా. ఒక్కసారి నా పేరు పెట్టాడా? ఒక ద్వారపాలకుడికి? ఒక గుర్రానికి? తిట్టినవాడికేమో పదకొండు పేజీలు!"

నవ్వాలో జాలిపడాలో ఎవరికీ తెలియలేదు. డెస్మండ్ లేచి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు.

"ఉత్తరం రాయి బాతూ," అన్నాడు. "కాకపోతే మెచ్చుకోకు. మెచ్చుకుంటే కార్డొస్తుంది."

అప్పుడే తలుపు తోసుకుని బెరిల్ వచ్చింది, రెండు పెద్ద ట్రేలనిండా బేకన్ పెట్టిన బన్నులతో. ట్రేలు దించి, గరిటె లేదు కాబట్టి అరచేత్తోనే బల్లమీద రెండుసార్లు కొట్టింది. "ముందు కూర్చోండి," అంది. హాలు మొత్తం కూర్చుంది. లెస్టర్‌నుంచి వచ్చిన గడ్డమున్న ఒకాయన లేచి, సార్జెంట్ గారితో ఫొటో దిగొచ్చా అని బెరిల్‌నే అడిగాడు. పుస్తకానికి ఆవిడ మార్కులెన్నని ఇంకెవరో అడిగారు.

"నాలుగు," అంది బెరిల్. "ఉప్పు లేదు."

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఒకటో నవలనుంచి మొదలుపెట్టి, బడికి వెళ్ళే ట్రాములో, కూర ఉడికేలోపు, ఏడాదిన్నరలో ముప్ఫై ఒకటీ పూర్తిచేసింది. డెస్మండ్‌కి నచ్చిన తొమ్మిదోది ఆమెకి ఏడుపుగొట్టుగా అనిపించింది. అతను రెండు వేసిన పందొమ్మిదోదాన్ని నెత్తిన పెట్టుకుంది. ముప్ఫై మూడో నవలలో ముట్టడి మధ్య ఎవరో పశువుల డాక్టరు వచ్చి, వంటశాలకి అప్పగించిన కంచరగాడిదని కాపాడతాడు. ఆ కంచరగాడిద పేరు గావిన్. గావిన్ ఆ పేజీకి చట్రం కట్టించి తన కట్టుడు పళ్ళ గదిలో గోడకి తగిలించాడు. దానికి మార్కులు పదికి పన్నెండు.

డెస్మండ్ మొన్న వేసవిలో ఉద్యోగం విరమించాడు. ఆఖరి రోజు మిసెస్ హాలమ్ అతనికి ఒక కేకు ఇచ్చి, "ఆ రెండో చావు ఇంకా రాలేదుగా?" అని అడిగింది. రాలేదన్నాడు. ఆ మర్నాడే భార్యాభర్తలు సముద్రం చూడ్డానికి స్కెగ్‌నెస్ బయల్దేరారు. దారిలో ముప్ఫై నాలుగో నవల మాట వచ్చింది. డెస్మండ్ అయిదన్నాడు. బెరిల్ తొమ్మిదంది. బీస్టన్‌నుంచి లింకన్ దాకా ఇద్దరూ కారులో పలకలేదు. లింకన్ దాటాక బెరిల్ రోడ్డు పక్కన బండి ఆపించి, వెనక సీట్లోంచి పుస్తకం తీసి, "నూట ముప్ఫై ఏడో పేజీ, నేను చదువుతా, నువ్వు నోరు మూసుకుని విను," అంది. అతను ఇంజను ఆపాడు. ఇద్దరూ స్కెగ్‌నెస్ చేరేసరికి సముద్రం ఆటుకి చాలా దూరం వెనక్కి వెళ్ళిపోయి ఉంది. డెస్మండ్ మార్కులు ఆరుదాకా వచ్చాయి.